మజీద్ గడ్డం, తండా గంట

పొద్దున్నే మన్నులో అచ్చు దించే ముందు మజీద్ వుజూ చేసుకుంటడు, నమాజుకు ముందు చేసే శుద్ధి. కార్ఖానా వెనుక నీలం డ్రమ్ము పక్కన పీట వేసుకొని కూసోని, చేతులు, నోరు, మొఖం, మోచేతుల దాకా కడుక్కొని, తడిచేత్తో తల నిమురుకొని, పాదాలు కడిగి లేస్తడు. లేచినంక తుడుచుకోడు. అదే ఆయన పట్టింపు. చిన్నప్పుడు వాళ్ల నానీమా, అంటే అమ్మమ్మ, చెప్పింది. వుజూ నీళ్లు చుక్క చుక్క రాలుతుంటే మనిషి చేసిన పాపాలు కూడా వాటి వెంట రాలిపోతయట. తువ్వాలతో తుడుచుకుంటే ఆ పాపాలు తువ్వాలకు అంటుకొని మళ్ల ఇంట్లకే వస్తయట. నానీమా పోయి ఎన్ని ఏండ్లయినా ఆ మాట మాత్రం మజీద్ విడువలేదు. యాభై దాటినా విడువలేదు.

ఇంట్ల గూడ ఇదే తంతు. నీళ్లు కారుకుంట గడప దాటుతడు, నమాజు చేస్తడు, లేస్తడు. వెనుక నుంచి జహీరా బేగం అంటది, "పాపాలు మీయి, జారి పడే నడుము నాది. జర తుడుచుకుంటే ఏం పోతది?"

"నీకు తెల్వది" అంటడు మజీద్. ఆ మాట ఆయన అందరికీ అంటడు. తెలిసినోళ్లకు గూడ.

జనగామలో రైలు పట్టాల అవతల మజీద్ కార్ఖానా. కార్ఖానా అని బోర్డు మీద ఉంది గాని, అది ఒక రేకుల షెడ్డు, భూమిలో తవ్విన ఒక భట్టీ, దానికి గాలి కొట్టే ఒక బ్లోయర్, గోడకు ఆనించిన ఇనుప పెట్టెలు. పెట్టెలో నల్లమన్ను దట్టించి, అందులో కర్ర నమూనా పెట్టి, దాన్ని మెల్లగ పైకి తీస్తే మన్నులో ఆకారం ఉండిపోతది. ఆ గుంతలో కరిగిన లోహం పోస్తే వస్తువు తయారైతది. నాయిన నేర్పిన పని. బోరు మోటార్ల పుల్లీలు, పిండిగిర్నీ చక్రాలు, అప్పుడప్పుడు గుడికి దీపపు కుందెలు, దర్గాకు ధూపం గిన్నెలు. భట్టీ చూసుకునేది సాయిలు. ఇద్దరూ ఒకే ఈడోళ్లు, ఒకే బడిలో ఒకే పంతులు చేతిలో దెబ్బలు తిన్నోళ్లు. మజీద్ నమాజు చేసుకునేంత సేపు సాయిలు బ్లోయర్ బంద్ పెడతడు. చప్పుడు ఉంటే ఆయనకు మనసు కుదరదని. ఎవరూ చెప్పకుండనే పెడతడు. మజీద్ గూడ సాయిలు అయ్యప్ప మాల వేసుకున్నప్పుడు నీసు కూర ఉన్న తన డబ్బా ఇంటికాడనే తిని వస్తడు. ఈ సంగతులు ఇద్దరూ ఎన్నడూ మాట్లాడుకోలేదు.

నమూనా బయటికి తీసే ఘడియ ఉంటది చూడు, అది మజీద్‌కు పానం. వుజూ నీళ్లు కారుతున్న చేతులతోనే అంచులు సర్దుతడు. నమూనా పైకి లేపినంక మొఖం పెట్టెలోకి వంచి, లోపల రాలిన మన్నును నోటితో మెల్లగ ఊదుతడు. బిస్మిల్లా అంటడు. చూసినోళ్లకు, పసిపిల్ల కండ్లలో నలుసు ఊదుతున్నట్టు ఉంటది.

ఇంక గడ్డం సంగతి. నాయిన పోయినంక మజీద్ గడ్డం పెంచిండు. మంచిగనే వచ్చింది. ఒత్తుగ, నెరిసి, ఎద మీదికి దిగింది. గడ్డం దిగిన కాడి నుంచి మసీదులో ముందు వరుసలో జాగ ఇచ్చిండ్రు, బస్సులో పోరగాండ్లు లేచి సీటు ఇచ్చిండ్రు. దాంతో మజీద్‌కు తెలివి గూడ అంతే పొడుగు పెరిగినట్టు అనిపించింది. అద్దం ముందు దువ్వుకుంట ఆయన ఒకనాడు సాయిలుతోటి అన్నడు, "ఇంక మనకు నేర్పేటోడు లేడురా సాయిలూ."

"పనిలనా, గడ్డంలనా?" అన్నడు సాయిలు.

అట్లా తెలివి పెరిగిన రోజుల్లోనే గూడూరు దిక్కు తండా నుంచి టీక్యా వచ్చిండు. మానుకోట దాకా బస్సు, అక్కడి నుంచి రైలు. నెత్తిన గోనెసంచి మోసుకొని, వెంట భార్య సీతాబాయిని తోలుకొని వచ్చిండు. సంచి కుమ్మరిస్తే పాత కంచు. చెంబులు, పళ్లాలు, ఆడోళ్ల కాళ్ల కడియాలు. తండాలో సేవాలాల్ గుడి కట్టుకున్నరు, దానికి గంట కావాలె. బజార్ల దొరికే గంట వద్దు, తండాల ప్రతి ఇంటి కంచూ అందులో కలవాలె, తీజ్ పండుగకు కట్టాలె. అదీ వాళ్ల మొక్కు.

సీతాబాయి ఒక కడియం తీసి మజీద్ చేతిలో పెట్టింది. "గిది మా యాడిది. ఆమె నడుస్తుంటే ఇంట్ల మాకు వినొస్తుండె" అన్నది. యాడి అంటే వాళ్ల మాటలో అమ్మ.

"పరేషాన్ కాకు యాడీ. జనగామ దాకా వినొచ్చే గంట పోస్త" అన్నడు మజీద్. గడ్డం మీద చెయ్యి వేసుకొని అన్నడు.

మొదటి పోత తీస్తే గంట ఒక పక్కకు బొక్కలు బొక్కలుగ వచ్చింది. కొడితే పగిలిన కుండ లెక్క 'డబ్' అన్నది. పుల్లీలో బొక్క పడితే లప్పం పెట్టి ఆకురాయి పడితే ఎవరికీ తెల్వది, పుల్లీ తిరుగుతది గాని మాట్లాడదు. గంట మాట్లాడుతది. మజీద్ మొదలు బొగ్గును తిట్టిండు. బొగ్గు మార్చి, దేవరుప్పుల వాగు నుంచి కొత్త ఇసుక తెచ్చి, మళ్ల కరిగించి పోసిండు. మళ్ల అదే పక్కకు అవే బొక్కలు. ఇసుకను తిట్టిండు. బ్లోయర్‌ను తిట్టిండు. ఎదురుంగ కొత్తగా టీ కొట్టు పెట్టినామె చూపు మంచిది కాదన్నడు. పాపం ఆమె ఆయనకు రోజూ చక్కెర తక్కువేసి విడిగా టీ పెట్టిస్తది.

టీక్యా వచ్చి గంట చూసి ఏమీ అనలేదు. అనకపోవడంతోనే మజీద్‌కు ఏదో ఒకటి అనాలనిపించింది. "మీ కంచుల ఏందో కలిసింది కాకా. ఎవరో దొంగ కంచు ఇచ్చిండ్రు" అన్నడు.

టీక్యా తల ఊపి పోయిండు. ఆ మాట తండాకు చేరింది. ఎవరి కంచు అని ఇండ్లల్ల గుసగుస మొదలైంది. చివరికి అందరి చూపూ గోరీ మీదికి పోయింది. గోరీ టీక్యా చెల్లెలు, మొగుడు పోయిన మనిషి. ఆమె ఇచ్చిన చెంబు ఎన్నడో పాత సామాన్ల బండోని దగ్గర కొన్నది. అది కల్తీ అయి ఉంటదని ఒకరు అన్నరు, ఇంకొకరు అవునన్నరు. వదినె సీతాబాయి గూడ అన్నది. గోరీ గుడి దిక్కు రావడం బంద్ చేసింది.

ఈ సంగతి మజీద్‌కు టీక్యా ఫోన్లో చెప్పిండు. తిట్టలేదు. "గంట మళ్ల పోసుడు నీ ఇష్టం మజీద్. కరిగించినప్పుడల్ల తెట్టు కింద కొంత పోతున్నది గదా. ఇంకోసారి చెడితే కంచు గంటకు సరిపోదు. మళ్ల తండాల అడిగే మొఖం నాకు లేదు" అన్నడు.

ఆ రాత్రి అన్నం ముందు మజీద్ ఊరికే కూసున్నడు. జహీరా బేగం ఒక కాగితం తెచ్చి పళ్లెం పక్కన పెట్టింది. పోతపనోళ్లకు శిక్షణ, పోత పద్ధతులు, లోపాలు రాకుండ చూసుకునే తీరు, భూపాలపల్లిలో. సాయిలు తెచ్చి ఇచ్చిండట. తానే ఇస్తే మజీద్ చింపేస్తడని ఆమె చేతికి ఇచ్చిండు.

"నేను ఇప్పుడు బడికి పోవాల్నా?" అన్నడు.

"గంట మోగుడు ముఖ్యమా, మీరు మోగుడు ముఖ్యమా?" అన్నది జహీరా.

చెడిపోయిన గంటను గోనెసంచిలో కట్టుకొని మజీద్ బస్సెక్కిండు. పరకాల దాటే దాకా ఆయన మనసులో ఒక ఉపన్యాసం తయారు చేసుకున్నడు. అక్కడ పెద్దమనిషినని చూసి ముందుగాల నన్నే మాట్లాడమంటరు, నాయిన కాలం నుంచి చెప్పుకొస్త, చివరికి భట్టీ మీద ఒక ఉర్దూ షేర్ చదువుత. అట్లా అనుకుంట పోయిండు.

అక్కడ ఎవరూ మాట్లాడమనలేదు. పేరు అడిగి, ఒక టోపీ, ఒక జత తోలు గ్లవ్స్ ఇచ్చి కూసోమన్నరు. నేర్పే మనిషి వచ్చింది. గీత అని, ఆయన బిడ్డ సమ్రీన్ ఈడు పిల్ల. జడ టోపీలోకి దోపుకొని, చేతులకు మన్ను అంటుకొని ఉన్నది. మజీద్ చేతులు కట్టుకొని వెనుక బెంచీలో కూసున్నడు. ఎంత పెద్ద ఉస్తాదులు ఎంత చిన్న బెంచీలో పడతరో ఆనాడు తెలిసింది.

పోతలో లోపాలు ఎందుకు వస్తయో ఒక్కొక్కరిని చెప్పమన్నది గీత. మన్ను తడి ఎక్కువైతే అని ఒకరు, లోహం తగినంత కాగకపోతే అని ఒకరు, పోసేటప్పుడు ఆగి ఆగి పోస్తే అని ఒకరు. ఆమె బోర్డు మీద రాస్తున్నది. మజీద్ వంతు వచ్చింది.

"నజర్" అన్నడు ఆయన గంభీరంగ. "దిష్టి."

ముందు బెంచీలోళ్లు నవ్విండ్రు. గీత నవ్వలేదు. బోర్డు మీద చివర 'దిష్టి' అని గూడ రాసింది. "మిగతావన్నీ ఒకటొకటి చూసుకుందాం చాచా. ఏదీ కాదని తేలితే దీని దగ్గరికి వద్దాం" అన్నది.

ఆమె అట్లా రాయకపోతే మజీద్ ఆ సాయంత్రమే సంచి సదురుకునేటోడు.

తెల్లారి ఎవరి చెడిన వస్తువులు వాళ్లతో కోయించింది. తండా గంట ముక్కను రంపం పట్టి కోస్తుంటే మజీద్‌కు తన వేలు కోసుకున్నట్టు అనిపించింది. గీత ఆ ముక్కను వెలుతురుకు పట్టి చూపించింది. "గీ బొక్కలు చూడండి. లోపల గరుకుగ ఉంటే లోహం చల్లారుకుంట గుంజుకుపోయినట్టు. గివి నున్నగ, గుండ్రంగ, మెరుస్తున్నయి. అంటే ఆవిరి. నీళ్ల బొట్టు మీద కాగిన కంచు పడితే ఆవిరి అయితది, బయటికి దారి దొరకక బుడగై ఆగిపోతది." మజీద్ దిక్కు తిరిగింది. "నీళ్లు ఎక్కడివి చాచా?"

"నీళ్లే లేవు. మాది వానపడని షెడ్డు" అన్నడు మజీద్.

"కంచు మంచిదేనా?" అని తానే అడిగిండు మళ్ల.

"కంచుకేం, మస్తుగ ఉంది" అన్నది గీత. ముక్కను అటు ఇటు తిప్పి, "ఎవరికి ఈ గంట?" అని అడిగింది.

"గూడూరు దిక్కు ఒక తండాకు."

"మాదీ తండానే, కొడకండ్ల దిక్కు" అన్నది ఆమె. అని, ఆ ముక్కను బల్ల మీద పెట్టేటప్పుడు చప్పుడు కాకుండ పెట్టింది.

మజీద్ తెచ్చిన మన్ను పరీక్ష చేసిండ్రు. మంచిగనే ఉన్నది. అప్పుడు గీత అన్నది, "ఇంటికాడ ఎట్ల చేస్తరో అట్లనే ఒక పెట్టె కట్టండి చాచా. ఏదీ మార్చకుండ."

"ఇంటికాడ వుజూ చేసుకొని చేస్త" అన్నడు.

"మరి చేసుకోండి."

కాపలా ఉండే వీరేందర్ అనే ఆయన నల్లా కాడికి తోలుకపోయి, పాదాలకు మురికి అంటకుండ ఒక పాత సంచి పరిచిండు. నమాజు వేళకు ఏ దిక్కు నిలబడాలో గూడ కనుక్కొని పెట్టిండు. మజీద్ వుజూ చేసి, ఎప్పటి లెక్కనే నీళ్లు కారుకుంట వచ్చి, అంచులు సర్ది, నమూనా లేపి, మొఖం వంచి ఊదిండు. చుట్టూ నిలబడి చూస్తున్నరని ఇంకొంచెం ఎక్కువ సేపు వంగిండు. తన చెయ్యి ఎంత నాజూకో చూడనీ అనుకున్నడు.

"టీ తాగి రండి" అని గీత అందరినీ పంపింది. మజీద్‌ను మాత్రం ఆపి పెట్టె కాడికి పిలిచింది. "లోపల చూడండి చాచా."

నున్నటి నల్లమన్ను మీద, ఆయన నిలబడ్డ పక్కన, చిన్న చిన్న గుంతలు. తొలకరి చినుకులు దుమ్ములో పడ్డట్టు. వంపు తిరిగి వరుసగ ఉన్నయి. గీత కోసిన గంట ముక్క తెచ్చి పక్కన పెట్టింది. అందులో బొక్కలు గూడ అదే వంపులో ఉన్నయి.

మజీద్ పెట్టెను చూసిండు, ముక్కను చూసిండు. చెయ్యి దానంతట అదే గడ్డం మీదికి పోయింది. గడ్డం చివర ఇంకా ఒక బొట్టు వేలాడుతున్నది. వేలు తాకంగనే పడ్డది.

బొగ్గును తిట్టిన, వాగును తిట్టిన, టీ కొట్టామెను తిట్టిన, ఆడోళ్ల కడియాలను అనుమానపడ్డ. అద్దం ముందు రోజూ దువ్వుకుంటున్నదాని దిక్కు మాత్రం ఒక్కసారి గూడ చూడలే. ఇట్లా అనుకొని మజీద్ మెల్లగ నవ్వుడు మొదలుపెట్టిండు. నవ్వి నవ్వి పెట్టె అంచు పట్టుకొని కూసున్నడు.

"మా నానీమా చెప్పింది బిడ్డా, వుజూ చుక్కలతోటి పాపాలు రాలుతయని. గడ్డం పెంచినప్పటి సంది నా పాపాలన్నీ పోతపోసి మందికి ఇస్తున్న. పిండిగిర్నీల్ల తిరుగుతున్నయి నా పాపాలు."

"పాపాలు కాదు చాచా, ఆవిరి" అన్నది గీత. ఈసారి ఆమె గూడ నవ్వింది.

మిగిలిన రోజుల్లో మజీద్ ముందు బెంచీలో కూసున్నడు. అచ్చు లోపల చిన్న మంటతో ఎట్ల ఆరబెట్టాలె, సన్నని సువ్వతో మన్నులో ఆవిరికి దారులు ఎట్ల పొడవాలె, ఆగకుండ ఒక్కతీరుగ ఎట్ల పోయాలె, అన్నీ అడిగి అడిగి నేర్చుకున్నడు. కోసిన గంట ముక్కలతోపాటు, తయారు చేసుకున్న ఉపన్యాసం గూడ మళ్ల బస్సులోనే ఇంటికి తెచ్చుకున్నడు.

జనగామ వచ్చినంక మొదలు మసీదుకు పోయి, వుజూ నీళ్లు తుడుచుకోవచ్చా అని ఇమాం సాబ్‌ను అడిగిండు. "తుడుచుకో భాయ్, ఎవరు వద్దన్నరు?" అన్నడు ఆయన. "చాపలు తడిసిపోతున్నయని నేనే చెప్దామనుకుంటున్న. పెద్దమనిషివి, ఎట్ల చెప్పాల్నో తెలియలే."

జహీరా బేగంకు చెప్పిండు. ఆమె సందూక లోంచి కొత్త తువ్వాల తీసి ఇచ్చింది.

మూడో పోతకు టీక్యా, సీతాబాయి ఇద్దరూ వచ్చిండ్రు. మజీద్ వుజూ చేసి, తుడుచుకున్నడు. చాలదని సాయిలు ఆ తువ్వాలతోనే గడ్డాన్ని మలిచి చుట్టి నెత్తిన ముడివేసిండు. పంటి నొప్పితోని దవాఖానకు పోయేటోని లెక్క ఉన్నడు మజీద్. "ఏమైంది మజీద్?" అని టీక్యా కంగారు పడ్డడు.

"రోగం దొరికింది కాకా. కట్టు కట్టిండ్రు" అన్నడు. అని, నానీమా కాడి నుంచి గీత కాడిదాకా మొత్తం చెప్పిండు. సీతాబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. నవ్వి నవ్వి ఒక్కసారి ఆగిపోయింది. ఆమెకు గోరీ యాదికొచ్చిందని మజీద్‌కు అర్థమైంది.

సాయిలు బ్లోయర్ బంద్ పెట్టిండు. కరిగిన కంచు ఉన్న మూసను పట్టుకారుతో ఎత్తి ఇద్దరూ పెట్టె కాడికి తెచ్చిండ్రు. మజీద్ బిస్మిల్లా అని వంచిండు. ఎర్రటి కంచు సన్నని ధారగా దిగుతున్నది. పెట్టెకు అవతలి పక్క ఒక రంధ్రం ఉంటది, లోపల నిండితే లోహం అందులో కనపడాలె. మూస ఖాళీ అవుతున్నది, రంధ్రం ఇంకా నల్లగనే ఉన్నది. టీక్యా కండ్లు మూసుకున్నడు. మూసలో ఆఖరు చుక్క జారినంక, రంధ్రం అడుగున ఎర్రటి బొట్టు పొద్దు పొడిచినట్టు పైకి వచ్చి నిలబడ్డది.

"నిండింది" అన్నడు సాయిలు.

పొద్దుగూకే వేళకు మన్ను పగలగొట్టి, గంటను తాడుకు వేలాడదీసిండ్రు. మజీద్ తను నిలబడే పక్కను, అదే గడ్డం పక్కను, వేళ్లతో నిమిరి నిమిరి చూసిండు. నున్నగ ఉన్నది. లోపల మోగించే నాలుక ఇంకా కట్టలేదు. సీతాబాయి ముందుకు వచ్చి, చేతి కడియంతో మెల్లగ ఒకసారి తాకించింది.

ఖంగుమని లేచిన మోత షెడ్డు రేకుల దాకా పోయి, పట్టాల దిక్కు పోయి, అక్కడ ఇంకా కొంతసేపు ఉన్నది. ఎదురుంగ టీ కొట్టామె గిలాస కడుగుడు ఆపి ఇటు చూసింది. మజీద్ ఆమెకు సలాం పెట్టిండు. ఎందుకో ఆమెకు తెల్వదు.

"మా యాడి వస్తున్నట్టు ఉన్నది" అన్నది సీతాబాయి, కడియాన్ని రెండో చేత్తో పట్టుకొని.

గంటను గోనెసంచిలో మెత్తగ చుట్టి టీక్యా నెత్తికి ఎత్తేటప్పుడు మజీద్ గడ్డం కట్టు విప్పుకొని సీతాబాయి ముందుకు వచ్చి నిలబడ్డడు. తలకాయ కొంచెం వంచిండు.

"యాడీ, ఒక పని చెప్త, కాదనకు. తీజ్ నాడు గంట కట్టినంక మొదటి దెబ్బ గోరీతోటి కొట్టియ్యి. నువ్వే వాళ్ల ఇంటికి పోయి తోలుకరా. ఆమె చెంబుల ఏ కల్తీ లేకుండె అని అందరు వినంగ నువ్వే చెప్పు. నేను వచ్చి చెప్పచ్చు గాని నా సంగతి నాకు తెలుసు, సగం దాకా నిజం చెప్పి మిగతాది మళ్ల బొగ్గు మీదికి తోసేస్త. మరి గంట ఎట్ల చెడిందని ఎవరన్న అడిగితే, జనగామ మజీద్ గడ్డం కారి చెడిందని చెప్పు. నవ్వుతే నవ్వనియ్యి. గోరీ గూడ నవ్విందా లేదా, అది మాత్రం నాకు ఫోన్ చేసి చెప్పు."